తేనెటీగల పెంపకం సామగ్రి: ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

తేనెటీగలను పెంచడానికి కావలసిన వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఈగలుండే పెట్టె, దానిలో వేలాడే చట్రాలు, పెట్టెను నిలబెట్టే స్టాండు, పొగడబ్బా, ముఖానికి ముసుగు, అంటుకున్న చట్రాలను ఊడదీసే ఇనప పట్టీ, తేనె తీసే సాధనం. అన్నీ కొత్తవి కొంటే మొదటి తేనె చేతికి రాకముందే పెట్టుబడి బరువవుతుంది. అన్నీ ఇంట్లోనే చేసేద్దామనుకుంటే, కొలత తప్పిన పెట్టెలో ఈగలు అడ్డదిడ్డంగా పట్టు పెట్టి, ఒక్క చట్రం కూడా పైకి తీయడానికి వీలు లేకుండా పోతుంది. పొదుపు ఎక్కడ చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో తేల్చేది ఈగ శరీరపు కొలత. ఆ కొలతతో ముడిపడ్డ భాగాలు కచ్చితంగా ఉండాలి. వాటికి డబ్బయినా పెట్టాలి, మంచి వడ్రంగి చేతి శ్రద్ధయినా పెట్టాలి. మిగతా చోట్ల చౌక సరుకు, పాత సరుకు, ఇంట్లో పడి ఉన్న సరుకు ఏదైనా పనికొస్తుంది.

ఏ ఈగకు ఏ పెట్టె

మన దేశంలో పెట్టెల్లో పెరిగేవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో కాపురముండే దేశవాళీ పుట్టతేనెటీగ, ఎపిస్ సెరానా ఇండికా. రెండోది ఇటాలియన్ ఈగ, ఎపిస్ మెల్లిఫెరా. 1960ల మొదట్లో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో ప్రొఫెసర్ అత్వాల్ బృందం చేతిలో ఇది మన దేశంలో నిలదొక్కుకుంది. బండరాళ్లకు, ఎత్తైన చెట్లకు పెద్ద పట్టు పెట్టే కొండతేనె ఈగ, పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగ ఆరుబయట ఒకే పట్టుతో బతికేవి. వాటి కోసం పెట్టె కొనడం దండగ.

ఖర్చు లెక్క జాతి ఎంపిక దగ్గరే మొదలవుతుంది. ఇటాలియన్ ఈగ కుటుంబం పెద్దది, తేనె ఎక్కువ ఇస్తుంది, కానీ ఏడాది పొడుగునా పూలు దొరికే చోటికి దాన్ని తరలిస్తూ ఉండాలి. పొద్దుతిరుగుడు, ధనియాలు, నువ్వులు, అరకు లోయలో వలిసె, ఇలా ఒక పూత అయిపోతే మరో పూత దగ్గరికి పెట్టెలు వాహనమెక్కాలి. దేశవాళీ ఈగ తేనె తక్కువే ఇచ్చినా ఉన్న ఊళ్లోనే చింత, కానుగ, కుంకుడు, కొబ్బరి పూల మీద బతుకుతుంది. వడ్రంగి లెక్కలో కూడా తేడా కనిపిస్తుంది. ఇటాలియన్ ఈగకు వాడే పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ పెట్టెలో ఒక్కో అర (అంతస్తు) లోపలి పొడవు సుమారు 465 మి.మీ., వెడల్పు 375, ఎత్తు 244. నాలుగు గోడలకు కలిపి 0.43 చదరపు మీటర్ల పలక పడుతుంది. ఎనిమిది చట్రాల దేశవాళీ పెట్టె అరకు పట్టేది దాదాపు 0.19 చదరపు మీటర్లు, అంటే సగానికీ తక్కువ. కొత్తవారికి, పెరటి తోటలో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకోదలచినవారికి దేశవాళీ ఈగే చవక. తేనె అమ్మకమే జీవనాధారంగా, పదుల పెట్టెలతో దిగేవారి లెక్క వేరు.

అన్నిటికన్నా చవకైన ఇల్లు కుండ. మట్టి కుండకు చిన్న రంధ్రం పెట్టి, నీడన బోర్లించి, ఈగలు వచ్చి చేరితే తేనె తీసుకోవడం దక్షిణాదిలో పాత పద్ధతి. తొలిచిన తాటి మొద్దూ అంతే. వీటికి ఖర్చు లేదన్నమాట నిజమే కానీ, లోపల ఏం జరుగుతోందో చూడటానికి వీల్లేదు. తేనె కోసం పట్టు కోస్తే పిల్లపురుగులూ పోతాయి, ఒక్కోసారి కుటుంబం మొత్తం లేచిపోతుంది. కుండ గానీ మొద్దు గానీ ఈగలను ఆకర్షించి పట్టుకోవడానికి మంచివి, పెంచడానికి కావు.

మిల్లీమీటర్ల సంగతి

పెట్టెలో పొదుపు చేయకూడని చోటు ఏదో 1851లో తేలింది. ఆ ఏడాది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లొరెంజో లాంగ్‌స్ట్రాత్ అనే పాదరీ, చట్రానికీ పెట్టె గోడకూ మధ్య ఈగ దూరి తిరగడానికి సరిపడా ఖాళీ వదిలితే ఈగలు దాన్ని అలాగే ఉంచేస్తాయని గమనించాడు. ఆ ఖాళీ 6 నుంచి 9 మి.మీ. వరకు. అంతకన్నా ఇరుకైతే జిగురుతోనో మైనంతోనో పూడుస్తాయి, వెడల్పైతే కొత్త పట్టు కడతాయి. 1852లో ఆయన పేటెంటు పొందిన పెట్టెలో చట్రాలు గోడకు తగలకుండా వేలాడతాయి, పుస్తకంలో పేజీల్లా ఒక్కొక్కటి బయటికి తీసి చూడవచ్చు. ఆధునిక పెంపకమంతా ఈ ఖాళీ మీదే నిలబడి ఉంది. దక్షిణ భారతంలో 1910లలో ఫాదర్ న్యూటన్ ఇదే సూత్రాన్ని దేశవాళీ ఈగ ఒంటికి తగ్గించి చిన్న పెట్టె రూపొందించాడు. దాని వంశంలోనిదే భారత ప్రమాణాల సంస్థ ఏ-రకం పెట్టె. ఇటాలియన్ ఈగకు వాడేది సీ-రకం.

పెట్టె చేయించదలచినవారు బయటి కొలతలు పట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్తే పని చెడుతుంది. లెక్క చట్రం నుంచి మొదలై బయటికి రావాలి. ఏ-రకం చట్రం బయటి పొడవు 230 మి.మీ., ఎత్తు 165 అనుకుంటే, రెండు పక్కలా 8 మి.మీ. చొప్పున వదిలి పెట్టె లోపలి పొడవు 246 అవుతుంది. పక్క పక్క చట్రాల మధ్యగీతల దూరం దేశవాళీ ఈగకు సుమారు 31 మి.మీ. ఎనిమిది చట్రాలకు 248, తీసి పెట్టుకోవడానికి 8 కలిపితే లోపలి వెడల్పు 256. చట్రం పైన 8 మి.మీ. ఖాళీ వదిలితే అర ఎత్తు 173. చట్రం పై పట్టీ రెండు చివరలా 20 మి.మీ. చొప్పున బయటికి పొడుచుకు వస్తుంది. ఆ చివరలు ఆనడానికి ముందు వెనక గోడల పైఅంచు లోపలివైపు 14 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. లోతు గాడి కొట్టాలి. ఆ 18లో 10 పట్టీ మందం, మిగిలిన 8 పైఅరకు వదిలిన ఖాళీ. ఇటాలియన్ ఈగ చట్రాల మధ్య దూరం 35 మి.మీ. కాబట్టి ఒక జాతికి చేసిన పెట్టెలో మరో జాతిని సర్దడం కుదరదు. సర్దినా పట్లు వంకర పోతాయి.

కొలత సరిచూడటానికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు. 8 మి.మీ. డ్రిల్ బిట్ కాడ చాలు. చట్రం వేలాడదీసి నాలుగు మూలలా ఆ కాడను గోడకూ చట్రానికీ మధ్య జార్చి చూడాలి. తడబడకుండా జారి, అటూ ఇటూ ఊగకుండా ఉంటే పెట్టె సరిగ్గా కుదిరినట్టు. ఒక మూల బిగిసి మరో మూల వదులుగా ఉంటే పెట్టె మూలమట్టం తప్పింది. అంచులు తిన్నగా లేని పలకతో చేసిన పెట్టెలో ఇది మామూలుగా జరుగుతుంది. మేకులు దిగ్గొట్టకముందే రెండు ఐమూలల పొడవూ టేపుతో కొలిస్తే ఈ తప్పు ముందే పట్టుబడుతుంది. పది పెట్టెలు చేయించేటప్పుడు మొదటిది ఒక్కటే చేయించి, చట్రాలు వేసి చూసి, దాన్నే మిగతా వాటికి నమూనాగా ఇవ్వడం మంచి అలవాటు. అన్ని పెట్టెల చట్రాలూ ఒకదానికొకటి సరిపోతేనే బలహీనమైన కుటుంబానికి బలమైన దాని నుంచి పిల్లల పట్టు మార్చి ఇవ్వగలరు. ఆ సౌకర్యం ముందు పలక మీద మిగిలే వంద రూపాయలు లెక్కలోకి రావు.

పలక ఎక్కడ దొరుకుతుంది

బాగా ఆరిన, ఘాటు వాసన లేని ఏ కలపైనా సరిపోతుంది. పచ్చి పలక చవకగా వస్తుంది, ఎండే కొద్దీ కుంచించుకుని లెక్కగట్టిన ఖాళీలన్నీ చెడిపోతాయి. టేకు దీర్ఘకాలం మన్నుతుంది, ధర ఎక్కువ. పనస, నందివృక్షం కలప మధ్యేమార్గం. మామిడి పలక చవకే, పురుగు పడుతుంది, వానకు తొందరగా పాడవుతుంది. అటక మీద ఉన్న పాత తలుపు చెక్కలు, కూల్చిన ఇళ్ల వాసాలు అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అవి ఆరాల్సినంతా ఎప్పుడో ఆరిపోయాయి. పాత మేకులు లాగేశాక చిత్రిక పట్టిస్తే చాలు.

యంత్రాలతో పాటు వచ్చే ప్యాకింగ్ చెక్క, ప్యాలెట్లు చవక పైన్ కలపకు మంచి ఆధారం. వాటి మీద ఉండే ముద్ర చూసి కొనాలి. విదేశాల నుంచి వచ్చే చెక్కకు పురుగు పట్టకుండా చేసిన శుద్ధి ఏమిటో ఆ ముద్రలో అక్షరాలతో ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రొమైడ్ విషవాయువు పట్టించింది, వదిలేయాలి. పురుగుమందుల డబ్బాలు వచ్చిన చెక్కపెట్టెలనూ ఏ ధరకూ ముట్టకూడదు. ప్లైవుడ్ వాడితే నీటికి తట్టుకునే రకమే కావాలి, కోసిన అంచులకు రంగో ఫెవికాలో బాగా పట్టించాలి. లేకపోతే మొదటి వానాకాలానికే పొరలు విచ్చుకుంటాయి.

రంగు పెట్టె బయటికే వేయాలి. తెలుపు, లేత పసుపు, లేత నీలం వంటివి ఎండను తక్కువ పీలుస్తాయి. రంగుకు బదులు అవిసె నూనె రెండు పూతలు పూసినా చాలు. లోపల ఏమీ పూయకూడదు.

పైకప్పు దగ్గర మాత్రం ఎంత పొదుపైనా చేయవచ్చు. దాని పని వానా ఎండా ఆపడమే, అక్కడ మిల్లీమీటర్లతో పని లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో వాడేసిన అల్యూమినియం ప్లేట్లు చెక్క మూత మీద బిగిస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. పాత ఫ్లెక్సీ గుడ్డను రెండు మూడు మడతలు వేసి కట్టినా ఒక వర్షాకాలం గడుస్తుంది. అయితే పల్నాడు లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే ఎండల్లో రేకు కింద నేరుగా అర ఉంటే ప్రమాదం. మైనం 62–64 డిగ్రీల దగ్గర కరిగినా అంతకు చాలా ముందే మెత్తబడి, తేనె బరువుకు పట్టు తెగిపడుతుంది. రేకుకూ మూతకూ మధ్య రెండు రీపరు ముక్కలతో గాలి ఆడే సందు వదిలి, చెట్టు నీడన పెట్టి, వేసవిలో పైన తడిగోనె కప్పితే చాలు.

స్టాండుకు ఇనుము కొనక్కర్లేదు. నాలుగు సర్వీ కర్రలు, యూకలిప్టస్ కర్రలు, విరిగిన కుర్చీ కాళ్లు ఏవైనా బరువు మోస్తే సరిపోతుంది. ముఖ్యమైనది చీమల అడ్డు. ప్రతి కాలునూ ఒక నీటి గిన్నెలో పెట్టాలి. నీరు ఎండకుండా పైన కాస్త వాడేసిన ఇంజను ఆయిలు వేస్తారు. అందులో పడి ఈగలు చనిపోకుండా గిన్నె మీద రేకు మూత వంచి పెట్టాలి. గడ్డి పెరిగి పెట్టెను తాకితే చీమలకు వంతెన దొరికినట్టే. చీమల దండు ఒక్క రాత్రిలో బలహీనమైన దేశవాళీ కుటుంబాన్ని పెట్టె విడిచి పోయేలా చేయగలదు. కాబట్టి అన్నిటికన్నా చవకైన ఈ నాలుగు గిన్నెలు అన్నిటికన్నా ముందు సిద్ధం కావాలి.

చట్రాలు, మైనపు షీట్లు

పెట్టె గోడలను ఊరి వడ్రంగి చేయగలడు. చట్రాలు పెద్ద సంఖ్యలో ఒకే కొలతకు రావాలంటే రంపపు యంత్రం కావాలి. రెండు అరల పెట్టెకు పదహారు చట్రాలు అనుకుంటే ఒక్కో దానికి నాలుగు పట్టీలు, మొత్తం అరవై నాలుగు ముక్కలు. చేత్తో కోస్తే కూలి ఖర్చు కొనుగోలు ధరను మించుతుంది. అందువల్ల పెట్టె చేయించుకుని చట్రాలు కొనుక్కోవడం చాలామందికి లాభసాటి. అదే ధరకు రెండు రకాలు దొరికితే, పై పట్టీకీ పక్క పట్టీకీ జోడు గాడితో బిగిసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఒక్క మేకుతో నిలిచిన చట్రం తేనె నిండాక ఎత్తగానే పై పట్టీ చేతిలో, పట్టు పెట్టెలో మిగులుతాయి.

చట్రాల ఖర్చే వద్దనుకునేవారికి పై పట్టీల పెట్టె మార్గం. 1970లలో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు కెన్యా రైతుల కోసం రూపొందించిన పెట్టెలో చట్రాలుండవు, పైన వరసగా చెక్క పట్టీలే ఉంటాయి. ప్రతి పట్టీకి ఒక పట్టు వేలాడుతుంది. పక్క గోడలు కిందికి ఏటవాలుగా ఉంటాయి గనుక ఈగలు పట్టును గోడకు అంతగా అతికించవు. ఇందులో కచ్చితంగా ఉండాల్సిన కొలత ఒక్కటే, పట్టీ వెడల్పు. ఇటాలియన్ ఈగకు 35 మి.మీ., ఆఫ్రికా ఈగకు 32, దేశవాళీ ఈగకు 30. పట్టీ కింది అంచున సన్నని మైనపు గీత వేస్తే ఈగలు ఆ గీత వెంటే పట్టు మొదలుపెడతాయి. పట్టుకు చట్రం ఆసరా ఉండదు కాబట్టి దాన్ని పక్కకు వాల్చకూడదు, తిప్పి తేనె తీయడమూ కుదరదు, కోసి పిండాల్సిందే. ఇంటి వాడకానికి ఇది చక్కని పెట్టె. లారీలో తిరిగే పెట్టెలకు పనికిరాదు.

మైనపు షీటును అచ్చు మీద నొక్కి తయారుచేసే పద్ధతి 1857లో జర్మనీలో యోహానెస్ మెరింగ్ కనిపెట్టాడు. దాని ఉపయోగం తేలికగా అర్థమవుతుంది. కిలో మైనం చేయడానికి ఈగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తింటాయని అంచనా. షీటు ఇస్తే ఆ తేనెలో కొంత మిగులుతుంది, పట్టు తిన్నగా వస్తుంది. అయితే షీటు మీద అచ్చయిన గదుల కొలత ఈగకు తగినదై ఉండాలి. ఇటాలియన్ షీటులో గది వెడల్పు 5.3–5.4 మి.మీ., దేశవాళీ ఈగకు కావలసింది దానికన్నా దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువ. కొట్లో షీట్లు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఏ జాతికి అన్నది అడిగి తీసుకోవాలి. ఖర్చు తగ్గాలంటే పూర్తి షీటు బదులు పై పట్టీ కింద రెండు వేళ్ల వెడల్పు ముక్క అతికించినా దేశవాళీ ఈగ దాని దారిలోనే పట్టు దించుతుంది. తేనె తిప్పి తీసే చట్రాలకు మాత్రం సన్నని తీగ లాగి పూర్తి షీటు వేయడం అవసరం.

మైనం కొనకుండా పోగుచేసుకోవచ్చు. తేనె గదుల మీంచి కోసిన మైనపు మూతలు, పాత పట్టు ముక్కలు గోనె మూటలో కట్టి వేడినీళ్లలో ముంచి అదిమితే మైనం పైకి తేలుతుంది. చల్లారాక పలకలా గట్టిపడుతుంది. పొయ్యి మీద నేరుగా కరిగిస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది. లోపల నల్లరంగు వేసి, పైన గాజు బిగించిన పెట్టెను ఎండలో పెట్టినా మైనం దానంతటదే కరిగి కిందికి దిగుతుంది. మన ఎండలకు ఇది ఖర్చు లేని పద్ధతి.

పొగ, ముసుగు, పట్టీ

పొగ తగలగానే ఈగలు తేనె గదుల్లోకి తల దూర్చి కడుపు నిండా తాగుతాయి. కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక వాసన కూడా పొగలో కలిసిపోతుంది. ఆ వాసనలో ప్రధాన ద్రవ్యం అరటిపండు వాసన వేసేదే. దేశవాళీ ఈగ నెమ్మదైనది, ఒకటి రెండు పెట్టెలున్నవారికి కొబ్బరి పీచు చుట్ట వెలిగించి ఊదితే చాలు. పది పెట్టెలు దాటితే తిత్తి ఉన్న పొగడబ్బా కావాలి. దాని రూపాన్ని 1870లలో అమెరికాలో మోజెస్ క్విన్బీ, బింగ్‌హామ్ స్థిరపరిచారు. రేకు డబ్బా, రెక్సిన్ తిత్తి, ఒక స్ప్రింగుతో ఇంట్లోనూ చేయవచ్చు. కిటుకు ఒకటుంది: తిత్తి గొట్టం డబ్బాకు అతికించి ఉండకూడదు, రెంటి మధ్య వేలెడు సందు ఉండాలి. తిత్తి నొక్కినప్పుడు గాలి ఆ సందు దాటి డబ్బాలోకి దూసుకుపోతుంది. నొక్కనప్పుడు బయటి గాలి ఆ సందు గుండానే లోపలికి పోయి నిప్పును బతికిస్తుంది. సందు లేకపోతే పొగ తిత్తిలోకి వెనక్కి వచ్చి, నిప్పు ఆరిపోతుంది. పెట్టె తెరిచి ఉండగా పొగ ఆరితే పని ఆగిపోతుంది కాబట్టి, పెట్టెలు పెరిగినవారు ఈ ఒక్క వస్తువును మంచిదే కొనడం మేలు. ఇంధనంగా కొబ్బరి పీచు, ఎండిన పిడక, పాత గోనె వాడతారు. విత్తన శుద్ధి చేసిన గింజలు, ఎరువులు, పురుగుమందులు నింపిన సంచులు మాత్రం కాల్చకూడదు.

ముసుగుకు దోమతెర గుడ్డ, వెడల్పు అంచు టోపీ ఉంటే సరిపోతుంది. తాటాకు టోపీ అన్నిటికన్నా తేలిక. వల ముఖానికి తగలకుండా టోపీ అంచు దూరంగా పట్టి ఉంచాలి. తగిలిన చోటే ఈగ కుడుతుంది. కళ్ల ముందు ముక్క నలుపుదై ఉండాలి, తెల్ల వల ఎండకు మెరిసి గుడ్లు కనబడవు. మిగతా బట్టలు లేత రంగు నూలువి చాలు. ముదురు రంగు, ఉన్ని బట్ట ఈగలను రెచ్చగొడతాయి. ప్యాంటు అంచులను మేజోళ్లలో దోపుకోవడం వంద రూపాయల తొడుగు కన్నా ఎక్కువ కాపాడుతుంది. చేతి తొడుగులు కొత్తలో ధైర్యమిస్తాయి, స్పర్శ పోవడంతో ఈగలు నలిగి ఎక్కువ కుడతాయి. కొద్ది రోజుల్లోనే చాలామంది వాటిని వదిలేస్తారు.

చట్రాలు ఊడదీసే పట్టీకి పాత లారీ కమాను పట్టీ ముక్కను కమ్మరి దగ్గర ఒక చివర పదును పెట్టించి, మరో చివర వంచిస్తే బలమైనది దొరుకుతుంది. ఇటాలియన్ ఈగ చెట్ల బంకతో చట్రాలను గట్టిగా అతికిస్తుంది కాబట్టి దానికి ఇలాంటిదే కావాలి. దేశవాళీ ఈగ ఆ బంకను సేకరించదు, ఉలి గానీ వెడల్పు స్క్రూడ్రైవరు గానీ చాలు. ఈగలను చట్రం నుంచి దించడానికి కొన్న బ్రష్షు బదులు గుప్పెడు పచ్చగడ్డి, కోడి ఈక వాడతారు.

తేనె తీసే సాధనం

సామగ్రిలో అన్నిటికన్నా ఖరీదైనది తేనె తీసే యంత్రం. ఏడాదిలో వాడకం మాత్రం కొద్ది రోజులే. 1865లో ఫ్రాంజ్ హ్రుష్కా అనే సైనికాధికారి వెనిస్ ప్రాంతంలో ఉండగా, పట్టును గిరగిరా తిప్పితే తేనె బయటికి చిమ్ముతుందని కనిపెట్టాడు. ఖాళీ అయిన పట్టును తిరిగి ఈగలకు ఇచ్చేయవచ్చు. ఆ తిరిగి ఇవ్వడంలోనే యంత్రం విలువంతా ఉంది: ఈగలు మైనం చేసే శ్రమ మిగిలి, తేనె పెరుగుతుంది. రెండు చట్రాల చేతి యంత్రం ఐదారుగురు పెంపకందారులు కలిసి కొనుక్కుంటే ఎవరికీ భారం కాదు. ఒక్కరే కొనాల్సిన అవసరం లేని వస్తువు ఇదొక్కటే. పూత సమయాలు కాస్త అటూ ఇటూ అయితే పంపకం ఇంకా సులువు.

కొనేటప్పుడు డబ్బా లోహం మీద దృష్టి పెట్టాలి. తేనె పుల్లని ద్రవం, దాని పీహెచ్ సగటున 3.9 దగ్గర ఉంటుంది. జింకు పూత రేకులో ఉంచితే జింకు తేనెలో దిగుతుంది, పాత అతుకుల్లో సీసం ఉంటే అది ఇంకా హాని. స్టీలు డబ్బా ఖరీదు ఎక్కువనిపిస్తే, ఆహారానికి తగిన ప్లాస్టిక్ డ్రమ్ములో స్టీలు తీగల బుట్ట బిగించి, సైకిలు పళ్ల చక్రాలు, గొలుసుతో తిప్పే యంత్రం వెల్డింగు షాపులో చేయించవచ్చు. రంగు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు ఎంత కడిగినా పనికిరావు. యంత్రం ఏదైనా వాడే పద్ధతి ఒకటే: ఒక వైపు సగం తీశాక చట్రం తిప్పి రెండో వైపు పూర్తిగా తీసి, మళ్లీ మొదటి వైపుకు రావాలి. ఒక్క దెబ్బకు గట్టిగా తిప్పితే లోపలి వైపు తేనె బరువు పట్టును చీలుస్తుంది.

యంత్రం లేకపోయినా నష్టం లేదు. రెండు మూడు పెట్టెలున్నవారు మూత వేసిన పట్టును కోసి, చేత్తో చిదిమి, పలుచని నూలు గుడ్డలో స్టీలు గిన్నెపై వేలాడదీస్తే ఒక రాత్రిలో తేనె దిగుతుంది. పిల్లల గదులున్న ముక్క కలవకూడదు. మూత వేయని గదుల తేనె కలిస్తే తేమ పెరిగి పులుస్తుంది. ఆహార ప్రమాణాల సంస్థ లెక్కన తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. మూతలు కోయడానికి వేడినీళ్లలో ముంచిన వంటింటి కత్తి చాలు.

పూలు లేని రోజుల్లో పంచదార పాకం పెట్టడానికి కొబ్బరి చిప్ప సరిపోతుంది. పాకంలో నాలుగు పుల్లలు వేస్తే ఈగలు మునిగిపోకుండా నిలబడి తాగుతాయి. బెల్లం చవకని పాకానికి వాడితే ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి.

పాత సరుకు, ప్రభుత్వ సాయం, మొదటి కొనుగోలు

వాడిన పెట్టెలు సగం ధరకు దొరుకుతాయి. వాటితో పాటు రోగమూ వస్తుంది. 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో దేశవాళీ ఈగ కుటుంబాలను పెద్దయెత్తున తుడిచిపెట్టింది. ఇటాలియన్ ఈగను పట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ రోగపు బ్యాక్టీరియా సిద్ధబీజాలు చెక్కలో దశాబ్దాల పాటు సజీవంగా ఉంటాయి. కాబట్టి పాత పట్టు ఎంత బాగున్నా కొనకూడదు. చట్రాలు కూడా వద్దు. గోడలు, స్టాండు, మూత వంటివి తీసుకుని, గీకి, వాషింగ్ సోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, లోపలి గోడలను బ్లోల్యాంపుతో చెక్క లేత గోధుమరంగు తిరిగే వరకు కాల్చాలి. అమ్మేవాడి దగ్గర ఈగలు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ఆ పెట్టెను వదిలేయడం మంచిది.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ కింద శిక్షణతో పాటు పెట్టెలు, ఈగలు సబ్సిడీ మీద అందుతాయి. 2020 నుంచి జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ కూడా నడుస్తోంది. పుణెలోని కేంద్ర తేనెటీగల పరిశోధన శిక్షణ సంస్థ 1962 నుంచి పని చేస్తోంది. సబ్సిడీలో వచ్చిన పెట్టెనైనా 8 మి.మీ. కాడతో సరిచూసుకున్నాకే ఈగలను దించాలి.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందు కొనాల్సింది ఒక పెట్టెకు బదులు రెండు పెట్టెలు. ఒక్కటే ఉంటే పోల్చి చూడటానికి మరొకటి ఉండదు, రాణి పోతే గుడ్లున్న పట్టు తెచ్చి ఇవ్వడానికి మార్గం ఉండదు. రెండో పెట్టె కోసం ఈగలు కొనక్కర్లేదు: లోపల పాత మైనం రుద్ది, ఒక మైనపు ముక్క అతికించి, కుటుంబాలు చీలే పూల కాలంలో ఆరడుగుల ఎత్తున నీడలో కడితే, ఊళ్లో పుట్టతేనెటీగలు ఉన్న చోట గుంపు వచ్చి చేరే అవకాశం ఉంది. తేనె అరలు, మైనపు షీట్లు కుటుంబం పిల్లల అర నింపాక కొంటే చాలు. ఈగలు తిరగని ఖాళీ పట్టును మైనపు చిమ్మట తినేస్తుంది. తేనె తీసిన చట్రాలను సీజను అయ్యాక గాలీ వెలుతురూ తగిలేలా ఎడంగా వేలాడదీయాలి, లేదా రెండు రోజులు ఫ్రీజరులో ఉంచి, తీసి ఆరాక గాలి చొరని సంచిలో మూటగట్టాలి. ఇలా కాపాడిన పట్టు మరుసటి పూతకు నేరుగా పెట్టెలోకి వెళ్తుంది, ఈగలు దానిలో మొదటి రోజు నుంచే తేనె నింపుతాయి.